కారుంటేనే టీకానా?

2021 మే నెల. మా నాన్నకు మోకాళ్ళ నొప్పులు, క్యూలో పది నిమిషాలు నిలబడలేరు. కారు దిగకుండానే కరోనా వ్యాక్సిన్ వేస్తున్నారని తెలిసి ప్రాణం లేచొచ్చినట్టయింది. మాకు కారు లేదు. హైదరాబాద్ ఎండలో ఆటో మాట్లాడుకుని వెళ్ళాం.

గేటు దగ్గరే ఆపేశారు. "కార్లకు మాత్రమేనండీ, ఆటోలను రానివ్వం." టీకాల కోసం ప్రభుత్వం పెట్టిన కోవిన్ వెబ్‌సైట్‌లో బుక్ చేసిన స్లాట్ మెసేజ్ చూపించాను, ఆధార్ చూపించాను. వింటేగా!

ఆటోలో కూర్చున్న మనిషికి సూది వేయడానికి ఏం అడ్డం? కారుకైతే అద్దం దించాలి, ఆటోకి అదీ అక్కర్లేదు, గాలి కూడా బాగా ఆడుతుంది. వేశాక అరగంట కనిపెట్టి చూడాలంటారు, ఆ అరగంట ఆగడానికి ఆటో అన్న కూడా ఒప్పుకున్నాడు. అదే నెలలో ముంబై దాదర్‌లో పార్కింగ్ స్థలంలో ఇలాంటి కేంద్రం పెట్టింది 60 దాటిన పెద్దవాళ్ళ కోసం, దివ్యాంగుల కోసం. అసలు అవసరం వాళ్ళదే కదా! ఇక్కడ మా ముందు లోపలికి వెళ్ళిన కారులో నలుగురూ కుర్రాళ్ళే. వాళ్ళకూ టీకా కావాలి, కాదనను. కానీ నడవలేని మనిషిని గేటు బయట నిలబెడతారా?

నాన్న ఇంటి దగ్గరే ఎడమ చేతి చొక్కా భుజం దాకా మడిచి పెట్టుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు మాట్లాడకుండా దాన్ని దించి బొత్తాం పెట్టుకున్నారు. మర్నాడు ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకెళ్ళి, క్యూ కదిలినప్పుడల్లా జరుపుతూ, మూడు గంటల తర్వాత టీకా వేయించాను.