ఏడాది దాటినా పంచె తడుస్తుంటే

తిరుపతిలోనే ఉంటూ కొండకు పోవడం మానేసిన పెద్దమనుషులు కొందరుంటారు. అడిగితే మోకాళ్ల నొప్పులంటారు. అసలు భయం వేరు: వైకుంఠం కాంప్లెక్సులో గంటల తరబడి, అదీ పంచె కట్టుకుని కూర్చోవాలి. ప్రోస్టేట్ గ్రంథి (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండేది) ఆపరేషన్ తర్వాత దగ్గినా, తుమ్మినా, లేచి నిలబడినా ఒంటేలు చుక్కలుగా కారే మనిషికి అది చిన్న విషయం కాదు. తడి కనబడుతుందేమోనని ఒక దిగులు, మైలపడ్డానని ఇంకొకటి.

క్యాన్సర్ వచ్చి ప్రోస్టేట్‌ను మొత్తంగా తీసినప్పుడు, మూత్రాన్ని పట్టి ఉంచే కండరం దెబ్బతినొచ్చు. మామూలు వాపుకు మూత్రనాళం లోంచి చేసే ఆపరేషన్‌లో ఈ ముప్పు చాలా తక్కువ. కటి కండరాలు బిగించే వ్యాయామంతో చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది కాబట్టి డాక్టర్లు తొందరపడరు. అది న్యాయమే. నా పేచీ ఏడాది నిండాక కూడా ‘తగ్గిపోతుందిలే పెద్దాయనా’ అనే మాటతోనే పంపేయడం మీద. వచ్చిన ప్రతిసారీ పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) ఎంతో చూస్తారు, తడి పీల్చే ప్యాడ్లు రోజుకు ఎన్ని వాడుతున్నారో అడగరు. ప్రాణం దక్కింది కదా అని ఆయనా నోరెత్తడు.

దీనికి ఆపరేషన్ కొత్తదేమీ కాదు. మూత్రాన్ని పట్టి ఉంచే కండరం పనిని చేసే పరికరమైన కృత్రిమ స్ఫింక్టర్‌ను అమెరికాలో బ్రాంట్లీ స్కాట్ 1972లోనే అమర్చాడు. మూత్రనాళం చుట్టూ కఫ్ (నాళాన్ని నొక్కి ఉంచే పట్టీ), పొట్టలో చిన్న బెలూన్, వృషణాల సంచిలో పంపు. పంపు నొక్కితే కఫ్‌లోని ద్రవం బెలూన్‌లోకి పోయి దారి వదులవుతుంది, కొన్ని నిమిషాలకు దానంతటదే బిగుస్తుంది. పుండు మానాలి కాబట్టి సుమారు ఆరు వారాల దాకా దాన్ని వాడనివ్వరు. చేతులు వణికేవాళ్లకు ఆ పంపు నొక్కడమే కష్టం. ఇన్ఫెక్షన్ వస్తే తీసేయాలి, ఏళ్లు గడిస్తే మార్చాలి. ధర లక్షల్లో ఉంటుంది.

రెండోది స్లింగ్: నాళానికి కింద ఊతంగా వేసే మెష్ (వల లాంటి) పట్టీ. నొక్కే పనేమీ లేదు. కొద్దిగానో, ఓ మోస్తరుగానో కారేవాళ్లకు నప్పుతుంది. రేడియేషన్ తీసుకున్నవాళ్లకు అంతగా పనిచేయదు.

బ్రిటన్‌లో ఈ రెండింటినీ పోల్చిన మాస్టర్ అధ్యయనం 2021లో వెలువడింది. 380 మంది మగవాళ్లు. చుక్క పడినా లెక్కేనన్న కఠినమైన కొలతతో చూస్తే, ఏడాది తర్వాత స్లింగ్ వేసుకున్నవాళ్లలో 87 శాతం, స్ఫింక్టర్ వాళ్లలో 84 శాతం మందికి ఇంకా ఎంతో కొంత కారుతూనే ఉంది. అయినా బాధ బాగా తగ్గింది, ఎక్కువమంది తృప్తిగానే ఉన్నారు. ‘పూర్తిగా ఆగిపోతుంది’ అని మాటిచ్చే డాక్టరు కంటే ఈ అంకెలు ముందుపెట్టే డాక్టరునే నేను నమ్ముతాను.

దూరాభారమూ పెద్దగా లేదు. తిరుపతి వాళ్లకు స్విమ్స్ ఆస్పత్రిలో యూరాలజీ (మూత్ర వ్యాధుల) విభాగం ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి పక్కనే. వెళ్లే ముందు ఒక రోజంతా వాడిన ప్యాడ్లను తూకం వేసి, పొడి ప్యాడ్ల బరువు తీసేసి రాసుకుంటే సగం సంభాషణ అయిపోయినట్టే.

స్ఫింక్టర్ అమర్చాక మాత్రం జేబులో ఒక చీటీ పెట్టుకోవాలి: ‘నాకు కఫ్ ఉంది, దాన్ని వదులు చేయకుండా క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయొద్దు’ అని. రాత్రిపూట ఎమర్జెన్సీలో ఉండే కుర్ర డాక్టరుకు అది పైకి కనబడదు.