షుగర్ మాత్రలు మానిపించి పుట్టగొడుగు కాఫీ అమ్మేవాళ్లకు

మా చుట్టాల్లో ఒక పెద్దాయన షుగర్ మాత్రలు మానేసి గానోడెర్మా అనే పుట్టగొడుగు పొడి కలిపిన కాఫీ తాగుతున్నారు. అమ్మింది పరాయివాళ్లు కాదు, సొంత మేనల్లుడే. గొలుసుకట్టు వ్యాపారంలో చేరాడు, తన కింద మనుషులు కావాలి, ముందు మావయ్యే దొరికాడు. ఇది తెలిసినప్పటి నుంచీ నాకు కోపం ఆగడం లేదు.

ఆ పుట్టగొడుగు మీద నాకు చిన్నచూపు లేదు. చైనాలో దాన్ని లింగ్‌జీ అంటారు. హాన్ రాజుల కాలం నుంచే అక్కడి వైద్యులు దాన్ని మేలైన మందుల వరసలో పెట్టారు. అందులో నిజంగానే సరుకుంది. అందులోని బీటా గ్లూకాన్లు అనే పిండిపదార్థాలు మన రోగనిరోధక కణాల మీదుండే డెక్టిన్-1 అనే గ్రాహకానికి అతుక్కుని వాటిని కదిలిస్తాయి. దాని చేదంతా గానోడెరిక్ ఆమ్లాల్లాంటి ట్రైటెర్పీన్లు అనే రసాయనాలది. గ్లూకాన్లు వేడినీళ్లలోకి దిగుతాయి, ట్రైటెర్పీన్లను రాబట్టాలంటే ఆల్కహాల్ కావాలి. అంటే ఎలా తీశారన్నదాన్ని బట్టి ప్యాకెట్లో ఏముందన్నది మారిపోతుంది. మీరు అమ్మే పొడిలో ఏది ఎన్ని మిల్లీగ్రాములుందో చెప్పగలరా?

2017లో అమెరికా మార్కెట్లోని 19 రకాల లింగ్‌జీ ఉత్పత్తుల్ని పరీక్షిస్తే, లేబుల్‌కు తగ్గట్టు ఉన్నవి 5 మాత్రమే!

గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాలు చచ్చాయని వీడియోలు పంపుతారు. పళ్లెంలో కణాల మీద నేరుగా పోసినంత మోతాదు, కప్పు కాఫీ తాగితే రక్తంలోకి చేరుతుందా? మనుషుల మీద జరిగిన ప్రయోగాలన్నీ కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనా సంస్థ సమీక్షకులు కూర్చి చూశారు. టైప్-2 షుగర్‌కు పనిచేస్తుందనడానికి ఆధారం దొరకలేదని 2015లో తేల్చారు. క్యాన్సర్‌కు దీన్నే మొదటి చికిత్సగా వాడటానికి తగిన ఆధారాలు లేవన్నారు. కీమోకు తోడుగా ఇస్తే కొంత మేలుండొచ్చన్నారు, అదీ చిన్న చిన్న ప్రయోగాల మీద చెప్పిన మాటే. మీటింగుల్లో ఆ 'తోడుగా' అన్న ముక్క మింగేస్తున్నారు.

పైగా లింగ్‌జీ పొడి వాడి లివర్ దెబ్బతిన్న కేసులు హాంకాంగ్, థాయ్‌లాండ్ వైద్యులు రాసిపెట్టారు. షుగర్, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం మన దేశంలో మందులు, మాయా చికిత్సల ప్రకటనల మీద 1954లో వచ్చిన చట్టం ప్రకారమే నేరం. అయినా ఊరూరా ఫంక్షన్ హాళ్లలో మైకు పెట్టి మరీ చెబుతున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇది తాగుతుంటే గొడవపడకండి. మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లి చూపించండి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లయితే రేపే వెళ్లండి, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.