ధర చెప్పని సాఫ్ట్‌వేర్ గారికి

సిగ్నల్ ఇంటిగ్రిటీ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ గారికి,

నమస్కారం. సర్క్యూట్ బోర్డు చేయించకముందే దాని మీద సిగ్నల్ చెడకుండా చేరుతుందో లేదో లెక్కగట్టి చెప్పే మహానుభావులు తమరు. తమరు క్షేమమేనని మీ వెబ్‌సైట్ మొదటి పేజీలో రంగురంగుల ఐ డయాగ్రమ్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చూపే కంటి ఆకారపు బొమ్మ) చూస్తేనే తెలిసిపోతోంది. అక్కడ మీ గురించి అన్నీ ఉన్నాయి, ధర ఒక్కటి తప్ప. అది ఉండాల్సిన చోట "కోట్ కోసం సంప్రదించండి" అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఫారం. కంపెనీ పేరు, హోదా, ఉద్యోగులు ఎంతమంది, ఎన్ని నెలల్లో కొనే ఉద్దేశం, బడ్జెట్ మంజూరైందా లేదా. జీమెయిల్ అడ్రస్ ఇస్తే ఆఫీసు ఈమెయిల్ మాత్రమే ఇవ్వాలని ఎర్ర అక్షరాలతో కసిరారు. నేను అడిగింది ధర అండీ, పిల్లనివ్వమని కాదు.

పోనీ కులగోత్రాలు నేనూ ఆరా తీద్దామని చూస్తే మీ ఇంటిపేరే నిలకడగా లేదు. మీ జాతివాడే అయిన సిగ్రిటీని 2012లో కేడెన్స్ అనే కంపెనీ కొనేసింది. హైపర్‌లింక్స్ మెంటర్ గ్రాఫిక్స్ దగ్గర ఉండేది, 2017లో ఆ మెంటర్‌నే సీమెన్స్ కొనుక్కుంది. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్, ఎస్‌ఐవేవ్ తయారుచేసే యాన్సిస్ 2025లో సినాప్సిస్‌లో కలిసిపోయింది. ఎన్ని ఇళ్లు మారినా ధర గుట్టుగా దాచుకునే అలవాటు మాత్రం పుట్టింటి నుంచే వెంట తెచ్చుకున్నట్టున్నారు.

ఫారం నింపాక వచ్చింది కూడా ధర కాదు, డెమో. డెమోలో చూపించే బోర్డు ఎంత ముద్దుగా ఉంటుందో! ప్రతి చిప్‌కీ మోడల్ ఉంటుంది, ప్రతి కనెక్టర్‌కీ ఎస్-పారామీటర్ ఫైలు (సిగ్నల్ ఎంత దాటుతుందో, ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పే కొలతలు) ఉంటుంది, స్టాకప్ (బోర్డు పొరల అమరిక) పక్కాగా ఉంటుంది. నా బోర్డులో కనెక్టర్ తయారీదారు డేటాషీట్ పెట్టడమే గొప్ప, ఎస్-పారామీటర్లు అడిగితే జవాబే లేదు. మరి అలాంటప్పుడు ఏం చేయాలండీ అంటే, ఆ కనెక్టర్‌ని త్రీడీలో గీసి సాల్వ్ చేసుకోవచ్చట, దానికి వేరే మాడ్యూల్ ఉందట. ఏఎంఐ మోడల్ (అతివేగ లింకుల చిప్‌ల నమూనా) నడపాలంటే ఇంకోటి, డీడీఆర్ మెమరీ టైమింగ్‌కి ఇంకోటి, పవర్ ఇంటిగ్రిటీ (కరెంటు సరఫరా నిలకడ) సరేసరి. వీటన్నిటి మీదా ఏడాదికోసారి మెయింటెనెన్స్. అసలు సాఫ్ట్‌వేర్ కొంటే ఏమొస్తుందని అడుగుదామనుకున్నా, అది కూడా వేరే మాడ్యూల్ అంటారేమోనని ఊరుకున్నా.

ఇంతకీ నాది ఫోర్ లేయర్ బోర్డు. ఒక మైక్రోకంట్రోలర్, కాస్త మెమరీ, ఒక యూఎస్‌బీ 2.0, ఒక ఈథర్‌నెట్ పోర్ట్. దీనికి సిమ్యులేషన్ ఎందుకయ్యా, క్లాక్ చిన్నదే కదా అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు (వాళ్ల మాట వినకండి, క్లాక్ 10 మెగాహెర్ట్జే అయినా ఎడ్జ్ (సిగ్నల్ సున్నా నుంచి ఒకటికి మారే ఘట్టం) ఒక నానోసెకండ్‌లో లేస్తే ఇబ్బంది అంతా ఆ ఎడ్జ్‌తోనే). ఎఫ్‌ఆర్4 (బోర్డు తయారయ్యే ఫైబర్‌గ్లాస్ పదార్థం) మీద సిగ్నల్ ఒక అంగుళం దాటడానికి సుమారు 150 నుంచి 180 పీకోసెకండ్లు తీసుకుంటుంది. ఆ ఆలస్యం ఎడ్జ్ సమయంలో ఆరో వంతు దాటిందంటే ట్రేస్‌ని (బోర్డు మీది రాగి గీతని) వైరు అనుకోవడం మానేసి ట్రాన్స్‌మిషన్ లైన్‌గా (సిగ్నల్ అలలా పోయి వెనక్కి కొట్టే దారిగా) చూడాలని ఒక బండలెక్క. అంటే ఒక నానోసెకండ్ ఎడ్జ్‌కి అంగుళం పొడవు దగ్గరే జాగ్రత్త పడాలి. ఈ లెక్కకి మీరు అక్కర్లేదు, చేతివేళ్లు చాలు.

ఆ తర్వాత అడుగుకి మీ పేద చుట్టాలు ఉన్నారు. కైక్యాడ్ అనే ఉచిత బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 7వ వెర్షన్ నుంచి దాని సిమ్యులేటర్‌లోనే ఐబిస్ మోడల్ (చిప్ పిన్నుల విద్యుత్ ప్రవర్తన చెప్పే ఫైలు) పెట్టుకోవచ్చు, లోపల నడిచేది ఎన్‌జీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్, పైసా ఖర్చు లేదు. 1993 నుంచి ఉన్న ఈ ఐబిస్ అనేది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలే. తెరిచి చూడండి: టిపికల్, మినిమమ్, మాక్సిమమ్ అని మూడు కాలమ్‌లు ఉంటాయి, చాలా ఫైళ్లలో చివరి రెండింట్లో వరసగా "ఎన్‌ఏ, ఎన్‌ఏ" (అంకె లేదని) అని ఉంటుంది. చిప్ కంపెనీ నింపని అంకెల్ని మీరు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉచితంగా గీసిన గీతకీ మీరు గీసిన గీతకీ ఆధారం ఆ ఒక్క టిపికల్ కాలమ్ మాత్రమే, కాకపోతే మీ గీత నునుపుగా ఉంటుంది. నాకు తేలాల్సింది ఏమిటంటే, డ్రైవర్ (సిగ్నల్ పంపే పిన్) ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి చూపే నిరోధం, 17 ఓమ్‌ల దాకా ఉంది, ట్రేస్ 50, కాబట్టి చిప్ పక్కనే 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే రింగింగ్ (సిగ్నల్ ఊగిసలాట) తగ్గుతుందా అని. తగ్గుతుంది. అయిపోయింది.

ఇంకో ముచ్చట. మీ డెమోలో ట్రేస్ ఇంపెడెన్స్ 49.87 ఓమ్‌లని చూపించి మురిసిపోయారు. బోర్డు తయారుచేసేవాళ్లు మామూలుగా ఒప్పుకునేది ప్లస్ ఆర్ మైనస్ 10 శాతం. అంటే 45 వచ్చినా 55 వచ్చినా వాళ్లు చెయ్యి దులుపుకుంటారు. ఆ దశాంశ బిందువు వెనకున్న రెండంకెలకి కూడా నేను డబ్బు కట్టాలా? ఇంపెడెన్స్‌కి తగ్గ వెడల్పు ఎంతో తయారీవాళ్లనే అడిగితే, వాళ్ల మెటీరియల్‌కి సరిపడేట్టు వాళ్లే చెబుతారు.

న్యాయంగా మాట్లాడుకుందాం, మీ అవసరం లేదని నేననను. వయా (బోర్డు పొరల్ని కలిపే రంధ్రం) కింద 3 మిల్లీమీటర్ల స్టబ్ (పనికిరాని తోక) మిగిలిందనుకోండి, అది 12.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రెజొనేట్ అవుతుంది. 25 గిగాబిట్ లింక్ నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ (బిట్ వేగంలో సగం) సరిగ్గా అక్కడే, సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది, అలాంటి బోర్డుకి ఫీల్డ్ సాల్వర్ (విద్యుదయస్కాంత క్షేత్రాల్ని లెక్కగట్టే మీలాంటి సాఫ్ట్‌వేర్) లేకుండా దిగడం ఒంటికి మంచిది కాదు. 480 మెగాబిట్ యూఎస్‌బీకి మాత్రం ఆ స్టబ్ ఉన్న సంగతి కూడా తెలియదు. దాని ట్రేస్ గ్రౌండ్ ప్లేన్‌లో (కింద పరిచిన రాగి పొరలో) చీలిక మీదుగా వెళ్తోందా లేదా అన్నది ముఖ్యం, దానికి లేయర్లు ఆన్ చేసి కళ్లతో చూడాలి.

ఉచితంగా దొరికే ఓపెన్‌ఈఎంఎస్ కూడా త్రీడీ లెక్కలు కడుతుంది. గొప్ప సరుకు, కానీ స్క్రిప్ట్ రాసి, మెష్ లైన్లు (లెక్క కోసం గీసే గళ్లు) ట్రేస్ అంచు దగ్గర ఎక్కడ పడాలో మనమే చెప్పాలి. డబ్బు అడగదు గానీ ఆదివారాలు అడుగుతుంది. వాటికి ఖరీదు కట్టుకుంటే మీరే చవకేమో, ఆ పోలిక వేద్దామంటే మళ్లీ మీ ధర కావాలి!

కాబట్టి అడుగుతున్నది ఇంతే. ఒక్క నెలకి, ఒక్క బోర్డుకి, ఏ మాడ్యూల్‌తో ఎంత? అంకె రాసి పంపితే చాలు. "మీ అవసరాలు అర్థం చేసుకోవడానికి 15 నిమిషాల కాల్ పెట్టుకుందామా" అని రాసేటట్టయితే, నా అవసరాలన్నీ పైన రాసే ఉన్నాయి, తీరిగ్గా ఇంకోసారి చదువుకోండి.

ఇట్లు,
బడ్జెట్ మంజూరు కాని ఒక డిజైనర్