స్వస్థత సరే, సిలువ ఏదీ?

గాజువాక నుంచి మధురవాడ దాకా హైవే వెంట వెళ్తే సువార్త సభల ఫ్లెక్సీలు తరచూ కనబడతాయి. ప్రసంగీకుడి నిలువెత్తు ఫోటో, పక్కన ‘అద్భుతాలు, స్వస్థతలు, విడుదల’, కింద తేదీలు, ‘వాహన సౌకర్యం కలదు’ అన్న గమనిక. యేసు పేరు ఎక్కడో ఒక మూల సర్దుకుని ఉంటుంది. ఫ్లెక్సీ చూసి బోధను తూచకూడదు, నిజమే. వేదిక మీద మైకులోనూ మాటలు అదే పాళ్లలో వినబడితే మాత్రం తూచాల్సిందే.

దేనితో తూచాలి అన్నదగ్గరే చిక్కు. జనం ఎంతమంది వచ్చారు, ఎవరికి నయమైంది, అయ్యగారు ఎన్ని రోజులు ఉపవాసం ఉంటారు, ఎన్ని వాక్యాలు నోటికి వచ్చు: మామూలుగా మనవాళ్లు చూసేవి ఇవి. బైబిలు వీటిలో ఒక్కదాన్నీ చాలిన రుజువుగా ఒప్పుకోదు. ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం మొదటి మూడు వచనాలు చూడండి. ప్రవక్త చెప్పిన సూచక క్రియ చెప్పినట్టే జరిగినా, అతను వేరే దేవుళ్ల వెంట రమ్మంటే వినొద్దని అక్కడ ఉంది. మత్తయి 7వ అధ్యాయంలో, నీ నామమున ప్రవచించాం, దయ్యాల్ని వెళ్లగొట్టాం, అద్భుతాలు చేశాం అని చెప్పుకున్నవాళ్లతో ‘నేను మిమ్మును ఎన్నడును ఎరుగను’ అంటాడు యేసు. మీరు ఆ పనులు చేయలేదు అని మాత్రం అనలేదు.

అసలు పరీక్షకు ప్రశ్నపత్రం యేసే ఇచ్చాడు. ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతంలో, జనం తనను ఎవరనుకుంటున్నారని ముందు శిష్యుల్ని అడిగాడు (మత్తయి 16). బాప్తిస్మమిచ్చు యోహాను అన్నారు కొందరు, ఏలీయా అన్నారు కొందరు, యిర్మీయా అన్నారు మరికొందరు. ఇందులో ఒక్కటీ తిట్టు కాదు, అన్నీ గౌరవంగా అన్న మాటలే. ఇవాళ విశాఖలో క్రైస్తవేతరులు ‘యేసు చాలా గొప్ప గురువండీ’ అంటారే, ఆ బాపతు. ఆయన దాంతో సరిపెట్టుకోలేదు. మీరేమంటారు అని మళ్లీ అడిగాడు. ‘నీవు సజీవుడైన దేవుని కుమారుడవైన క్రీస్తువు’ అన్నాడు పేతురు. నీవు ధన్యుడవు అన్నాడు యేసు.

ప్రసంగాలు చాలావరకు ఇక్కడ ఆగిపోతాయి, అసలు సంగతేమో ఆ తర్వాత ఉంది. తాను యెరూషలేముకు వెళ్లి, శ్రమలు పడి, చంపబడి, మూడో రోజున లేవాలని యేసు చెప్పగానే ఇదే పేతురు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి గద్దించబోయాడు. 17వ వచనంలో ధన్యుడైనవాడు 23వ వచనంలో ‘సాతానా, నా వెనుకకు పొమ్ము’ అనిపించుకున్నాడు. బిరుదు సరిగ్గానే చెప్పాడు, సిలువ వద్దన్నాడు. యేసు ఎవరన్నదాన్నీ ఆయన దేనికి వచ్చాడన్నదాన్నీ విడదీసి బోధిస్తే, ఎంత భక్తితో చెప్పినా అది తప్పుడు బోధే అవుతుందని నా అభిప్రాయం. మన సభల్లో వినబడే తప్పుల్లో చాలావాటి వేరు ఈ విడదీతలోనే ఉంది.

కాబట్టి ఇంటికెళ్లాక విన్న ప్రసంగాన్ని ఒక్కసారి నెమరువేసుకుని, అందులోంచి యేసు మరణాన్నీ పునరుత్థానాన్నీ తీసేసి చూడండి. మిగిలింది ఏ మాత్రం కుంటుపడకుండా నడిస్తే, ‘పట్టుదల ఉండాలి, మంచిగా ఆలోచించాలి, మీ అప్పులు తీరతాయి, మీ శత్రువులు సిగ్గుపడతారు’ అన్నది చెక్కుచెదరకుండా నిలబడితే, అది ఎవరైనా చెప్పగలిగిన ఉపన్యాసం. పౌలు తాను అందుకుని అప్పగించిన సువార్త ఏమిటో 1 కొరింథీయులు 15:3-5లో నాలుగు ముక్కల్లో చెప్పేశాడు: లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు, కేఫాకు (అంటే పేతురుకు), పన్నెండుమందికి కనబడ్డాడు. ఒక్క ఆదివారంతో తీర్పు చెప్పేయకండి. సామెతల గ్రంథం మీద, పిల్లల పెంపకం మీద ప్రసంగం చేస్తే ఆ రోజుకు అది తప్పు కాదు. రెండు మూడు నెలలు వినండి. అన్ని వారాల్లోనూ పాపం, పశ్చాత్తాపం, సిలువ అన్న మాటలకు చోటు దొరకలేదంటే అది యాదృచ్ఛికం అయ్యుండదు.

క్రీస్తు ఎవరన్నదగ్గర జరిగే తప్పులు కూడా పాతవే. కుమారుడు సృష్టించబడినవాడు, ఆయన లేని కాలం ఒకటి ఉండేది అని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద బోధించాడు. 325లో నీకయ మహాసభ దాన్ని తోసిపుచ్చింది. ఆ బోధే ఇప్పుడు ఇంటి తలుపు తట్టి, ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అన్న యోహాను 14:28 చూపిస్తుంది. ఆ వచనం ఉన్నమాట నిజం. అదే సువార్త ‘వాక్యము దేవుడై యుండెను’ అని మొదలై, ‘నా ప్రభువా, నా దేవా’ అని తోమా ఒప్పుకోవడం దాకా వెళ్తుంది. ఆ మాటను యేసు వారించలేదు. రోమా శతాధిపతి కొర్నేలి కాళ్ల మీద పడితే పేతురు లేవనెత్తి నేనూ మనిషినే అన్నాడు (అపొస్తలుల కార్యములు 10:26). ప్రకటన 22లో దేవదూత తనకు నమస్కరించనివ్వలేదు. యేసు మాత్రం ఆరాధన అందుకున్నాడు. కుమారుడు తనను తాను తగ్గించుకుని దాసుని స్వరూపం ధరించాడని ఫిలిప్పీయులు 2 చెబుతోంది. యోహాను 14:28ని దాని పక్కన పెట్టి చదివితే ముడి విడిపోతుంది.

రెండో వైపు జారేవాళ్లూ ఉన్నారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కరే వేసుకున్న మూడు వేషాలంటారు. యొర్దాను దగ్గర కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వచ్చాడు, ఆత్మ పావురంలా దిగింది, ఆకాశం నుంచి స్వరం వినిపించింది (మత్తయి 3:16-17). ఆ దృశ్యం ముందు ఆ వాదన నిలబడదు. ఇంకొందరు ఆయన దైవత్వాన్ని ఎంత పొగుడుతారంటే మనిషితనం మాయమైపోతుంది. బావి దగ్గర అలసి కూర్చున్నవాడూ లాజరు సమాధి దగ్గర ఏడ్చినవాడూ ఆయనే. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదని 1 యోహాను 4:2-3 ఖండితంగా చెప్పింది. నిజంగా దేవుడు, నిజంగా మనిషి, ఒకే వ్యక్తి అని 451లో కల్కెదోను సభ గీసిన గీత దైవత్వాన్ని తగ్గించే జారుడుకూ మనిషితనాన్ని చెరిపేసే జారుడుకూ అడ్డుకట్టే.

ఇదంతా వేదాంత కళాశాల గొడవ అనుకుంటే పొరపాటు. క్రీస్తు ఎంత చిన్నవాడైతే బోధకుడు అంత పెద్దవాడవుతాడు. మధ్యవర్తి స్థానం ఖాళీగా ఉండదు మరి.

వచనాన్ని సందర్భం నుంచి పీకేయడం అన్ని పక్షాల్లోనూ జరుగుతుంది. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో, కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డు తీసుకోని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. తరచూ వచ్చే కార్డు యిర్మీయా 29:11: ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోని మాట. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్ల లెక్క ఉంది, అంటే ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి ఇల్లు చూడరు. ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్తే హనన్యా అనే ప్రవక్త కనబడతాడు. రెండేళ్లలో అంతా వెనక్కి వచ్చేస్తుందని ఆలయంలో, అందరి ముందూ, యెహోవా పేరుమీదే ప్రకటించాడు. జనానికి కావలసిన మాట అదే. ఆ ఏడాది ఏడో నెలలో చనిపోయాడు. ఈ సంవత్సరమే మీ తిప్పలు తీరతాయని ఆ కార్డు పట్టుకుని చెప్పే బోధకుడు యిర్మీయా వచనం చదువుతూ హనన్యా ప్రసంగం చేస్తున్నాడన్నమాట.

‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ (ఫిలిప్పీయులు 4:13) అన్న మాటదీ ఇదే కథ. దాని ముందు వచనంలో పౌలు ఆకలిగొనడం, లేమిలో ఉండడం నేర్చుకున్నానంటున్నాడు. రాసింది సంకెళ్లలో. అందుకే ప్రసంగంలో చెప్పిన ప్రతి రిఫరెన్సునూ కాగితం మీద రాసుకుని, ఇంటి దగ్గర ఆ అధ్యాయం మొత్తం చదవడం అలవాటు చేసుకోవాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, పైనా కిందా ఏముంది అని చూస్తే చాలు. గంట ప్రసంగంలో 30 వచనాలు దొర్లించి ఒక్కదాని దగ్గరా ఆగని బోధకుడి విషయంలో ఈ పని మరీ అవసరం. బెరయ పట్టణంవాళ్లు పౌలంతటివాడి మాటల్నే రోజూ లేఖనాలతో సరిచూశారు, అందుకు వాళ్లను ఘనులన్నారు (అపొస్తలుల కార్యములు 17:11).

సరిచూడబోతే అడ్డం వచ్చే వచనం ఒకటుంది: అభిషిక్తుల్ని ముట్టకూడదన్న కీర్తన 105:15. అక్కడి సందర్భం అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరాయి రాజ్యాల్లో తిరుగుతుంటే రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు ఆపడం. ప్రశ్నించకూడదన్న అర్థం అందులో లేదు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు అందరి ముందూ నిలదీశాడు (గలతీయులు 2). పేతురుకంటే పెద్ద అభిషిక్తులు మన బీచ్‌రోడ్డు సభల్లో ఉంటారనుకోను.

డబ్బు విషయంలో తొలి సంఘం మనకంటే కఠినంగా ఉండేది. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిన ‘డిడకే’ అనే చిన్న నియమావళి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది. ఊరూరా తిరిగే అపొస్తలుడు ఒక్క రోజు ఉండాలి, అవసరమైతే రెండో రోజు. మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారిలో తినడానికి రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. ‘ఆత్మలో’ ఉండి నాకు డబ్బివ్వండి అంటే వినొద్దు. అవసరంలో ఉన్న వేరేవాళ్ల కోసం అడిగితే తప్పు పట్టొద్దు. ఈ ఆఖరి వాక్యం న్యాయమైనది. కాపరి జీతం తీసుకోవడం పాపం కాదు, పనివాడు జీతానికి పాత్రుడు. లెక్క లేకపోవడమే తప్పు. యెరూషలేము పేదలకు చందా చేరవేసేటప్పుడు నింద రాకూడదని పౌలు ఇతరుల్ని వెంట ఉంచుకున్నాడు (2 కొరింథీయులు 8:20-21).

మన దగ్గర చూడాల్సినవి చిన్న చిన్నవే. కానుకల క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంఘం పేరు వస్తోందా, వ్యక్తి పేరు వస్తోందా? సొసైటీగా నమోదైన సంఘమైతే ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతున్నారా? మలాకీ 3:10 చదివి దశమభాగం అడిగే అయ్యగారు ద్వితీయోపదేశకాండం 14:28-29 కూడా చదువుతున్నారా? మూడో ఏటి దశమభాగం లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు తిని తృప్తిపడడానికని అందులో ఉంది.

ప్రాణాల మీదికి వచ్చేది స్వస్థత దగ్గర. ప్రార్థనను తప్పు పట్టే పనే లేదు, రోగి కోసం పెద్దలు ప్రార్థించాలని యాకోబు 5:14 చెబుతోంది. మందులు మానేయడమే విశ్వాసం అనడంతో ప్రమాదం మొదలవుతుంది. మందులకు లొంగే మామూలు క్షయకు ఆరు నెలల కోర్సు. రెండో నెలకు దగ్గు తగ్గగానే నయమైందని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండానూ పోవచ్చు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)కో అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాల్సినవాళ్లు ప్రార్థన నూనెతో ఆలస్యం చేస్తే ఆ నష్టం పూడదు. క్యాన్సర్, మధుమేహం లాంటివి మంత్రతంత్రాలతో నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

సాక్ష్యం విన్నప్పుడు జబ్బు పేరేమిటి, ముందూ తర్వాతా రిపోర్టులున్నాయా, అదే సమయంలో వైద్యం కూడా సాగిందా అని అడగడం అవిశ్వాసమేమీ కాదు. కుష్ఠరోగి బాగయ్యాక యేసే అతన్ని యాజకుడికి చూపించుకోమన్నాడు (మార్కు 1:44), శుద్ధుడో కాదో తేల్చే అధికారం యాజకుడిది గనుక. నయం కాకపోతే ‘నీకు విశ్వాసం చాలలేదు’ అని రోగి మీదికి నెట్టే బోధకుడిని పౌలు సహచరుడు త్రోఫిము గురించి అడగండి. పౌలు అతన్ని మిలేతులో జబ్బుతోనే విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). ఎవరి విశ్వాసం చాలలేదు, పౌలుదా?

సరిచూసుకునే వీలు ఈ ఊరికి కొత్త కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. క్రైస్తవుడిగా మారిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని మొదలైంది. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. తర్వాత ఇక్కడికే వచ్చిన ప్రిచెట్ చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది. బోధకుడి మాటను అతని చేతిలోని పుస్తకంతోనే పోల్చుకునే అవకాశం మామూలు తెలుగువాడికి అలా దక్కింది. ఇప్పుడు ఫోనులో అది ఉచితం. వాడకమే తగ్గింది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ముంచాలా చిలకరించాలా, భాషలు మాట్లాడాలా వద్దా, పాటలకు డ్రమ్స్ ఉండొచ్చా అన్న తేడాల్ని పట్టుకుని ఎదుటి సంఘాన్ని అబద్ధ బోధ అనేయడం మనవాళ్లకు బాగా అలవాటు. రాస్‌హిల్ మేరీమాత గుడికి వెళ్లేవాళ్లకూ పాకలో పెంతెకొస్తు ఆరాధన చేసేవాళ్లకూ మధ్య తగాదాలు చాలానే ఉన్నాయి, కొన్ని గట్టివే. నీకయ విశ్వాస ప్రమాణంలో క్రీస్తు గురించి ఉన్న మాటల్ని మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. తప్పుడు బోధ అన్న ముద్ర ఆ మాటల్ని కాదన్నవాళ్లకు, వాటిని నోటితో అని డబ్బుతో అమ్ముకునేవాళ్లకు వేయాలి.

అరకొరగా తెలిసిన బోధకుడు వేరు, అబద్ధ బోధకుడు వేరు. అపొల్లో ఎఫెసులో గొప్పగా మాట్లాడాడు, అతనికి తెలిసిందల్లా యోహాను బాప్తిస్మమే. డేరాలు కుట్టుకునే ప్రిస్కిల్ల, అకుల అతన్ని సభలో నిలదీయలేదు. తమతో చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పారు (అపొస్తలుల కార్యములు 18:26). అతను విన్నాడు. మీ సంఘంలోనూ అనుమానం వస్తే మొదట కాపరిని విడిగా కలిసి, రాసుకున్న రిఫరెన్సులు ముందుపెట్టి, ‘అయ్యగారూ, ఈ వచనం పైనా కిందా ఇలా ఉంది కదండీ’ అని అడగండి. అపొల్లోలా వింటే మళ్లీ వారం ప్రసంగంలో ఆ తేడా తెలుస్తుంది. కీర్తన 105:15 చదివి మిమ్మల్ని పంపేస్తే, సంఘ పెద్దల్లో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లి అదే ప్రశ్న మళ్లీ అడగండి.