కర్ణం కొంప ముంచింది

మా హాల్లో కిటికీ పక్కన, గోడకీ స్తంభానికీ మధ్య ఆరడుగుల వెడల్పున ఒక ఖాళీ ఉంది. ఇల్లు కట్టినవాళ్లు దాన్ని ఎందుకు వదిలారో తెలీదు. ఇన్నేళ్లుగా అందులో ఇస్త్రీ బల్ల, చీపురు, గాలి పోయిన ఫుట్‌బాల్ కాపురం చేస్తున్నాయి. పుస్తకాలేమో మంచాల కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాటిలో మా నాన్నగారి అయిదు సంపుటాల నిఘంటువు కూడా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆయనే మంచం కింద పడుకున్నట్టు నాకు మనసు చివుక్కుమనేది.

ఒక ఆదివారం పొద్దున్నే లేచి కూర్చుని, "అక్కడ నేల నుంచి కప్పుదాకా పుస్తకాల అల్మరా కడతాను" అన్నాను.

మా ఆవిడ దుప్పటి మడతపెడుతూ, "కట్టిస్తాను అనబోయి కడతాను అన్నారేమో" అంది.

నేను కడతాననే అన్నాను.

రెండు వారాలు వీడియోలు చూశాను. టేపు, మూలమట్టం, రసమట్టం, డ్రిల్లు కొన్నాను. కరెంటు రంపం అద్దెకు తెచ్చాను. చెవి మీద పెన్సిల్ పెట్టుకోవడం మొదటిరోజే వచ్చేసింది. వడ్రంగంలో నాకు పూర్తిగా వచ్చిన విద్య ఇప్పటికీ అదొక్కటే.

అయితే నేను మరీ గుడ్డిగా దిగలేదు. అరలు ఎందుకు వంగిపోతాయో కూలంకషంగా చదివాను. పుస్తకాలు వరసగా పేరిస్తే అడుగుకు 8 నుంచి 10 కిలోల బరువు తూగుతాయి. ఆ లెక్కన బరువు అర పొడవునా పరుచుకుని ఉన్నప్పుడు, అర పొడవు రెట్టింపైతే వంపు రెట్టింపు కాదు, ఏకంగా 16 రెట్లవుతుంది. అదే చెక్క మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ సంగతంతా కాగితం మీద బొమ్మలు గీసి మా ఆవిడకి అరగంటసేపు చెప్పాను.

"అయితే మధ్యలో ఒక నిలువు చెక్క పెట్టండి" అంది.

అరగంట లెక్క చివర్న నేను చెప్పబోయిన జవాబు అదే. కానీ ఇంకా రెండు బొమ్మలు మిగిలుండగానే ఆవిడ చెప్పేసింది.

తర్వాత కొలతలు. రసమట్టంలో బుడగ చెప్పేదాకా మా గోడలు నిటారుగా లేవని నాకు తెలీదు. ఖాళీ వెడల్పు కింద 72 అంగుళాలు, నడుం దగ్గర 71½, పైన 72¼. అందరూ నడుం దగ్గర కొలిచి ఊరుకుంటారట. నేను మూడుచోట్లా కొలిచి, అన్నిటికంటే తక్కువదాన్ని పట్టుకుని, అల్మరా 71కే ఆపాను. కప్పు ఎత్తు కూడా అలాగే కొలిస్తే అన్నిటికంటే తక్కువచోట 108 అంగుళాలు వచ్చింది. అల్మరా ఎత్తు 107½ పెట్టుకుని అరంగుళం వదిలాను. ఆ అరంగుళం ముందుచూపుకి నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకునే మనిషి ఇంట్లో ఇంకెవరూ లేరు మరి.

లోతు దగ్గర చిన్న చిక్కొచ్చింది. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. 48 అంగుళాల వెడల్పుని నాలుగు భాగాలు చేస్తే 12 చొప్పున వస్తాయని లెక్కలు చెబుతాయి. రంపం ఒప్పుకోదు. కోసిన ప్రతిచోటా రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టుచేసి నేలమీద పోస్తుంది. అందుకని 15 అంగుళాల చొప్పున మూడు పలకలు కోసి, మిగిలినదాన్ని బీడింగు బద్దలకు ఉంచాను. పుస్తకానికి 10 అంగుళాల లోతు చాలు కదా అని మా ఆవిడ అడిగితే, "ముందొక వరస, వెనకొక వరస" అన్నాను. వెనక వరసలో పెట్టిన పుస్తకం పెట్టెలో ఉన్నట్టే లెక్కని ఆవిడ అనలేదు. చూసిందంతే.

నాలుగు ఆదివారాలు పట్టింది. నిలువు పలకలు 8 అడుగులు, కింద 6 అంగుళాల పీఠం, పైన పట్టీ, అన్నీ కలిపి ఒకే దిమ్మగా హాల్లో వెల్లకిలా పడుకోబెట్టి బిగించాను. ముందు జిగురు, ఆ తర్వాత స్క్రూలు. స్క్రూ తలలు కనపడకుండా పుట్టీ, పుట్టీ మీద ఉప్పుకాగితం, ఆపైన రంగు. ఆ నెలంతా మేం దాని అంచు పట్టుకుని గోడవారగా నడిచాం. రాత్రిపూట మంచినీళ్లకని లేచినవాళ్లు మోకాలి దగ్గర ఒక గుర్తు తెచ్చుకునేవాళ్లు. చూడ్డానికి మాత్రం నా అల్మరా పడుకున్న ఏనుగులా నిండుగా ఉంది.

లేపే రోజు రానే వచ్చింది. 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కోటి ముప్పై కిలోల పైమాటే, అలాంటివి నాలుగున్నర పట్టాయి. అందుకని మా బావమరిదిని పిలిచాను. కింద వాటాలో ఉండే బాబాయిగారు పిలవకుండానే వచ్చారు. పదో తరగతి చదివే మావాడు ఫోన్ జేబులో పెట్టుకుని ఒక చెయ్యి వేశాడు.

ఒకటి, రెండు, మూడు. లేచింది. నడుం దాకా లేచింది. భుజాల దాకా లేచింది. ఇంకొక్క తోపు తోస్తే నిలబడుతుందనగా పైన "కర్ర్" మని చప్పుడైంది. సున్నం నా కళ్లల్లో రాలింది.

"ఇంకొంచెం తొయ్యి బావా!" అన్నాడు బావమరిది.

తోశాను. కప్పు మీద వేలెడు గీత పడింది. అల్మరా మాత్రం అక్కడే వాలుగా ఆగిపోయింది. నేను అలాగే భుజం ఆనించి, "108 ఉంది, ఇది 107½, పట్టి తీరాలి" అని గట్టిగా అరిచాను. కప్పుకి వినపడుతుందనుకున్నానేమో.

"నాన్నా, నిలబడ్డాక పడుతుంది. నిలబడేటప్పుడు పట్టదు" అన్నాడు మావాడు.

"అంటే?"

"కర్ణం చూశావా?"

కర్ణం అంటే ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది పెన్సిల్ పెట్టుకునే చోటే. వాడు ఫోన్ తీసి టకటకా నొక్కాడు. వెల్లకిలా ఉన్నదాన్ని లేపుతుంటే కింద వెనక అంచు నేలమీద ఆగి, పైన ముందు అంచు కప్పువైపు వెళుతుందట. ఆ రెండు అంచుల మధ్య దూరమే కర్ణం. 107½ వర్గం, 15 వర్గం కలిపితే 11,781 పైచిలుకు. దాని వర్గమూలం 108½. మా కప్పు 108.

"లోతు పదంగుళాలే పెట్టుంటే లేచేది నాన్నా, ఒక్క మిల్లీమీటరు తేడాతో" అన్నాడు.

మా ఆవిడ మళ్లీ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అననప్పుడు నేను వినే మాటలు ఇన్నీ అన్నీ కావు.

కర్ణుడి చావుకు వంద కారణాలంటారు. నా అల్మరా చావుకి కర్ణం ఒక్కటే కారణం. అరల వంపు 16 రెట్లని ఊరంతా చాటినవాణ్ని, పదో తరగతి పిల్లలు నిద్రలో చెప్పే పైథాగరస్ దగ్గర బోల్తా పడ్డాను. అసలు అందుకేనట, తెలిసినవాళ్లు పీఠం విడిగా చేసి ముందు నేలమీద కూర్చోబెడతారు. పొట్టిగా చేసిన అల్మరాను దానిమీదికి ఎక్కించి, పైన మిగిలిన సందుకి చివర్లో పట్టీ కొడతారు. ఈ ముక్క ఏ వీడియోలోనూ లేదనడానికి వీల్లేదు. నేనే ఆ భాగం జరిపేసి పెన్సిల్ పెట్టుకునే దగ్గరికి వెళ్లుంటాను.

సలహాలకు కొదవ లేదు. కప్పు గీకేద్దామన్నాడు బావమరిది. పైన ఇంకొకరి కాపురం ఉందని గుర్తుచేశాం. "కొంచెం వాలుగానే ఉండనివ్వు, ఆధునికంగా ఉంటుంది" అన్నారు బాబాయిగారు. "పడుకోబెట్టే ఉంచండి. పరుపేస్తే ఇద్దరు పడుకోవచ్చు" అంది మా ఆవిడ.

చివరికి పీఠం కోసేద్దామని తేల్చాం. అప్పుడు తెలిసింది, నా పనితనం ఎంత గొప్పదో. స్క్రూలు ఎక్కడున్నాయో నాకే కనపడలేదు. మావాడు ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి చెక్కమీద పాకించాడు. అది ఎక్కడ అతుక్కుంటే అక్కడ పుట్టీ గీకి స్క్రూ తీశాం. 34 స్క్రూలు తీసినా పీఠం ఊడలేదు. జిగురు అంత మంచిదన్నమాట. అద్దె రంపం మళ్లీ వచ్చింది.

పీఠం పోయాక అల్మరా 101½కి దిగింది, మెత్తగా లేచి నిలబడింది. కోసిన ఆ పీఠాన్ని కింద పెట్టి అంత బరువు దానిమీదికి ఎక్కించే ఓపిక ఎవరికీ లేదు. పైన ఆరంగుళాల ఖాళీ ఎలాగూ ఉంది కదా అని దాన్ని తీసుకెళ్లి అక్కడ బిగించాం. కింద ఉండాల్సిన పీఠం అలా నెత్తికెక్కింది. చూసినవాళ్లు "పైన డిజైన్ బాగుంది" అంటున్నారు. నేను తలూపుతున్నాను.

ఇక గోడకి ఆనించడమే మిగిలింది. నలుగురం కలిసి "హుప్" అని తోశాం. అల్మరా గోడకి తగిలింది. అదే క్షణంలో ఫ్యాను ఆగిపోయింది, లైటు ఆరిపోయింది.

"కరెంటు పోయినట్టుంది" అన్నాను చెమట తుడుచుకుంటూ.

"కరెంటు పోలేదు. స్విచ్‌లు నొక్కుకున్నాయి" అంది మా ఆవిడ.

ఇన్నేళ్లు ఇస్త్రీ బల్ల వెనక ఉన్న స్విచ్‌బోర్డుని నేను ఒక్కసారీ కొలవలేదు.

మళ్లీ ముందుకి లాగి, వెనక పలకకి జానెడు కంత కోశాం. గోడకి తోసి, మీద పడకుండా రెండు ఇనుప పట్టీలతో బిగించాం. ఇప్పుడు నాలుగో అరలో, సరిగ్గా ఆ కంత ముందు, మా నాన్నగారి నిఘంటువు దర్జాగా నిలబడి ఉంది. దాన్ని అక్కడ సర్దింది మావాడు. ప నుంచి మ దాకా ఉన్న సంపుటి తీస్తే ఫ్యాన్ స్విచ్. య నుంచి హ దాకా ఉన్నది తీస్తే లైటు. వచ్చినవాళ్లకి ఒకసారి చెబితే చాలు, మళ్లీ అడగరు.

మొన్న బావమరిది వచ్చాడు. మంచి ఎండ. వాడే లేచి, సంపుటి తీసి, చెయ్యి లోపలికి పెట్టి ఫ్యాన్ వేసి, అదెక్కడిదక్కడ పెట్టేసి కూర్చున్నాడు. అయిదు నిమిషాలకి ఫ్యాన్ ఆగింది. ఫ్రిజ్ కూడా ఆగింది. ఈసారి నిజంగానే కరెంటు పోయింది.

వాడు అల్మరా వైపు తిరిగి, "క ఉన్నది తియ్యమంటావా బావా?" అన్నాడు.