నల్లరంగు కుండ ఎక్కడ నాయనా?

మా మామగారిది శ్రీకాళహస్తి. ఊహ తెలిసినప్పటి నుంచి కలంకారీ వేస్తున్నారు. ఆయన మనవడు, అంటే మా అబ్బాయి, డిజైన్ కోర్సు చదువుతున్నాడు. వాడి ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పేరు చదివేసరికి నా కాఫీ చల్లారింది. సారాంశం ఏమిటంటే, తాతయ్య చేతి ఒడుపును వర్చువల్ రియాలిటీలో పట్టి డిజిటల్ డిజైన్లు చేయడం.

సంక్రాంతి సెలవులకు కళ్లకు కట్టుకునే కాలేజీ హెడ్‌సెట్ పట్టుకొచ్చాడు. గూగుల్ తన టిల్ట్ బ్రష్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం కోడ్‌ను 2021లో అందరికీ వదిలేస్తే, దాని నుంచి పుట్టిన ఓపెన్ బ్రష్ అందులో ఉందట. గాలిలో గీస్తే గీత గాలిలోనే నిలుస్తుంది.

"తాతయ్యా, ఇందులో గుడ్డ అక్కర్లేదు, రంగు అక్కర్లేదు, ఉతకడం అక్కర్లేదు."

"నేను అక్కర్లేదు అనే దాకా వెళ్లకు నాయనా," అంటూ ఆయన వెదురు కలానికి ఉన్ని చుట్టి దారం బిగిస్తున్నారు.

ఆయన పనిచేసే తీరు చెప్పాలి, లేకపోతే జరిగినది అర్థం కాదు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ ముందు పరచి ఉంటుంది. కుడి మోకాలి పక్కన నల్లరంగు కుండ. అందులో ఇనుప తుక్కు, బెల్లం వారాల తరబడి పులిసి, గది గుమ్మంలోనే ముక్కు పట్టుకునేంత వాసన వేస్తుంటాయి. కలం ముంచి, ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు కొనకు దిగుతుంది. గీసిన క్షణాన గీత పలచగా ఉండి, గుడ్డలోని కరక్కాయ ఇనుముతో కలవగానే కళ్ల ముందే నల్లబడుతుంది. మామగారు కుండ వైపు చూడరు. గీత సన్నబడగానే చేయి దానంతట అదే వెళ్లి వస్తుంది.

అలాంటి మనిషికి కళ్లు మూసి, చేతిలో ప్లాస్టిక్ కంట్రోలర్ పెట్టారు. ఆయన కూర్చునే చోటే కూర్చోబెట్టారు కూడా. సహజ వాతావరణం కావాలట!

లోపల ఆయన వేస్తున్నది మాకు టీవీలో కనిపిస్తోంది. అత్తగారు సీరియల్ త్యాగం చేసి మరీ చూస్తున్నారు. సీతమ్మ ముఖం అద్భుతంగా వచ్చింది. మా వాడు ఆనందంతో చిత్రాన్ని పక్కకు తిప్పాడు. ముక్కు ముఖానికి మూరెడు వెనక ఉంది, కళ్లు రెండూ రెండు దిక్కుల్లో ఉన్నాయి. చేతి కింద గుడ్డ లేకపోయేసరికి చేయి లోతు తెలియకుండా పోయిందన్నమాట.

"అయ్యో, అమ్మవారిని ఏం చేశారండీ!" అన్నారు అత్తగారు.

ఇంతలో ఇంకో తంటా. ఉన్ని నొక్కే అలవాటు కొద్దీ ఆయన కంట్రోలర్ పక్క బటన్ నొక్కుతున్నారు. ఆ బటన్ నొక్కితే బొమ్మ మొత్తం చేతితో పాటు కదలాలని ఆ ప్రోగ్రాంలో నియమం. రంగు దిగాలని పిండినప్పుడల్లా అశోకవనం రెండడుగులు జరిగి, చివరికి మా గోడ వెనక్కి వెళ్లిపోయింది.

"ఇదేమిటి నాయనా, రంగు దిగడం లేదు. కలం ఎండిపోయినట్టుంది."

"తాతయ్యా, ఇందులో రంగు అయిపోదు," అని వాడు అంటూనే ఉన్నాడు. మామగారి చేయి కుడివైపు వెళ్లింది. చూడకుండానే వెళ్లింది, గురి తప్పకుండానే వెళ్లింది. కంట్రోలర్ కుండలో బుడుంగుమంది. వృత్తిధర్మం కాబట్టి అంచుకు రెండుసార్లు తట్టి, పైకి తీశారు.

"ఆఁ, ఇప్పుడు పట్టింది!" అన్నారు సంతృప్తిగా.

అడ్డం పడిన మా వాడి తెల్లచొక్కా మీద సగం కుండ చిందింది. అది నల్లబడుతుందేమోనని వాడు బిక్కచచ్చి చూస్తున్నాడు. హెడ్‌సెట్ తీసిన మామగారు చొక్కా అంచు వేళ్ల మధ్య నలిపి, "కరక్కాయ పెట్టని గుడ్డ నాయనా, నలుపు ఎక్కదు. తుప్పు మరక అవుతుంది. అది మాత్రం పోదు," అని ధైర్యం చెప్పారు.

కంట్రోలర్ తిరిగి ఇచ్చేటప్పుడు నింపాల్సిన ఫారంలో 'నష్టానికి కారణం' అన్న గడి ఉంది. మా వాడు చాలాసేపు ఆలోచించి 'అనుభవం' అని రాశాడు.

మామగారికి ఆ యంత్రం మీద కోపమేమీ లేదు. ఈసారి కుండ కూడా అందులోనే పెట్టించమన్నారు. మా వాడు రాత్రింబవళ్లు కూర్చుని కుండ మోడల్ చేశాడు, బాగానే వచ్చింది. తాతయ్య ఒకసారి హెడ్‌సెట్ పెట్టుకుని చూసి, "ఇది ఇంకా పులవలేదు," అని పక్కన పెట్టేశారు.