జీతం చీటీ లేని జిల్లాలో సమానత్వం

మన వైపు తెలుగువాళ్ళలో రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ళు ఈ మధ్య తరచూ ఒక మాట అంటున్నారు. యూరప్‌లోనే సోషల్ డెమొక్రాట్లు చితికిపోయారు, ఇక మన ఒడిశా జిల్లాలు గంజాంలో, గజపతిలో, రాయగడలో ఆ రాజకీయం ఊసెందుకు అని. ఈ మాటతో నాకు గట్టి పేచీ ఉంది. వాళ్ళు చితికిపోయిన మాట నిజమే. ఎక్కడ చితికారో చూస్తే, మన జిల్లాల్లో ఆ రాజకీయం ఎందుకు మొలకెత్తలేదో కూడా అక్కడే కనిపిస్తుంది.

సోషల్ డెమొక్రాట్లంటే ఎవరో ముందు తేల్చుకుందాం. ఓటు దారిలోనే వచ్చి, పెట్టుబడిని రద్దు చేయకుండా, మూడు పనిముట్లతో ఎచ్చుతగ్గులు తగ్గించాలనుకునే పార్టీలు. కార్మిక సంఘం, పన్ను, ఉన్నవాడూ లేనివాడూ ఒకేచోటికి వెళ్ళే బడీ ఆసుపత్రీ. ఈ మూడింటిలో ఏది ఊడినా తక్కినవి ఎక్కువ కాలం నిలవవు.

స్వీడన్ పేరు అందరూ చెబుతారు, అక్కడ బండి ఎలా నడిచిందో చెప్పేవాళ్ళు తక్కువ. 1932 నుంచి 1976 దాకా దాదాపు ఏకబిగిన వాళ్ళే ప్రభుత్వంలో ఉన్నారు. 1938లో సాల్ట్‌షోబాడెన్‌లో కార్మికుల సమాఖ్యా యజమానుల సమాఖ్యా కూర్చుని, జీతాల బేరం మేమే తేల్చుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి. నిరుద్యోగ భృతి నిధుల్ని నడిపేది సంఘాలే. పని పోయిన రోజున డబ్బు అందే కిటికీ సంఘం దగ్గరే ఉంటే చేరనివాడెవడు? 2007లో మితవాద, అంటే కుడివైపు పార్టీల, ప్రభుత్వం ఆ నిధి చందా పెంచగానే సంఘాల సభ్యత్వం పడిపోయింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అక్కడి అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. సంఘం తరఫు ఆర్థికవేత్తలు గోస్టా రేన్, రుడాల్ఫ్ మైడ్నర్ 1951లో ఒక పథకం పెట్టారు. ఒకే పనికి ఒకే జీతం, కంపెనీ లాభంలో ఉన్నా నష్టంలో ఉన్నా. ఆ జీతం ఇవ్వలేని కంపెనీ మూతపడితే పడనివ్వాలి. పని పోయినవాడికి ప్రభుత్వం కొత్త పని నేర్పించి, ఊరు మారే ఖర్చు ఇచ్చి, బాగా నడిచే కంపెనీకి పంపాలి. కింది జీతాలు నిజంగానే పైకి వచ్చాయి. కానీ బాగా లాభాలున్న కంపెనీ, ఇంకా ఎక్కువ ఇవ్వగలిగి కూడా ఇవ్వనక్కర్లేకపోయింది. ఆ మిగులంతా వాటాదారులకి చేరింది. జీతగాళ్ళ మధ్య తేడా తగ్గింది, ఆస్తి మాత్రం కొద్దిమంది దగ్గరే పోగుపడింది. దానికి మందుగా 1976లో మైడ్నర్ చెప్పింది, ఏటా లాభంలో 20 శాతాన్ని కొత్త షేర్లుగా మార్చి కార్మికుల నిధికి ఇవ్వమని. పార్టీ జంకింది. నీళ్ళు కలిపి 1983లో చట్టం చేసింది, 1991లో వచ్చిన మితవాద ప్రభుత్వం దాన్ని తీసేసింది. వారసత్వ పన్ను మాత్రం 2004లో సోషల్ డెమొక్రాట్లే తమ చేత్తో ఎత్తేశారు. జీతాల దగ్గర చూపిన తెగువ ఆస్తి దగ్గరికి వచ్చేసరికి లేకపోవడం ఈ పార్టీల పుట్టు లోపం అని నా అభిప్రాయం.

తక్కిన దేశాల కథ క్లుప్తంగా చెప్పేస్తాను. ఫ్రాన్స్‌లో సోషలిస్టు మిత్తెరాఁ 1981లో అధ్యక్షుడై బ్యాంకుల్ని జాతీయం చేసి, కనీస వేతనం పెంచి, అయిదో వారం సెలవు ఇచ్చాడు. డబ్బు దేశం దాటింది, ఫ్రాంకు విలువ మూడుసార్లు తగ్గించాల్సి వచ్చింది, 1983 మార్చిలో వెనక్కి తగ్గాడు. జర్మనీలో సోషల్ డెమొక్రాట్ ఛాన్సలర్ ష్రోడర్ తన సొంత ఓటర్ల నిరుద్యోగ భృతినే కోశాడు. 1998లో 40.9 శాతం ఉన్న ఆ పార్టీ ఓటు 2025లో 16.4కి దిగింది. గ్రీసులో అదే తరహా పార్టీ పాసోక్‌కి 2009లో 43.9 శాతం ఓట్లు, 2015 జనవరిలో 4.7.

ఇక మన సంగతి. 1894లో ఈ బరంపురంలోనే పుట్టిన వి.వి. గిరి, రైల్వే కార్మికుల సంఘాల్లో ఎదిగిన మనిషి, కార్మిక మంత్రిగా ఒకే పట్టు పట్టాడు. తగాదా కోర్టుకి వెళ్ళకూడదు, సంఘమూ యజమానీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి అని. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చిందని 1954లో పదవి వదిలేశాడు. ఆ విధానం నడవాలంటే బల్లకి ఇవతల కూర్చునేవాళ్ళ పేర్లు ఎక్కడో ఒక పట్టీలో ఉండాలి. మన మనుషుల పేర్లు ఏ పట్టీలో ఉన్నాయి?

గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్ళేవాళ్ళ సంగతి చూడండి. పన్నెండు గంటల షిఫ్టు. మీటరు లెక్కన కూలి. ఒక మనిషికి నాలుగైదు మగ్గాలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. నియామక కాయితం ఉండదు, జీతం చీటీ ఉండదు. శేఠ్ దగ్గరో మేస్త్రీ దగ్గరో ఉన్న నోటు పుస్తకంలో మీటర్లు, పక్కన అడ్వాన్సు, కింద కోత. ఆ పుస్తకం మన చేతికి ఇవ్వరు.

చీటీ లేకపోతే పోయేదెంతో లెక్క వేద్దాం. నెలకి 15,000 వచ్చే మనిషిని తీసుకోండి. పీఎఫ్ కింద యజమాని 12 శాతం, అంటే 1,800 కట్టాలి. ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, కింద 3.25 శాతం, 488. నెలకి 2,288. ఏడాదికి 27,456. అయిదేళ్ళకి 1,37,280. ఇది మనిషి జీతంలో కోసేది కాదు, యజమాని తన వంతుగా కట్టాల్సిన డబ్బు. దీనికి తోడు జబ్బు చేస్తే 91 రోజుల దాకా 70 శాతం జీతం ఈఎస్‌ఐ నుంచి రావాలి. పనిలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకి జీతంలో 90 శాతం పింఛను. పీఎఫ్ ఖాతా ఉన్న మనిషి పోతే 7 లక్షల దాకా బీమా. ఇవేవీ లేకుండా రైల్లో శవం వస్తే, పక్క మగ్గాలవాళ్ళు వేసుకున్న చందా తప్ప ఇంటికి దక్కేది లేదు.

ఇప్పుడు ఒడిశా ప్రభుత్వపు సుభద్ర పథకాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. 2024 సెప్టెంబర్‌లో మొదలైంది, 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి ఏడాదికి 10,000, రెండు విడతల్లో, అయిదేళ్ళకి 50,000. ఆ డబ్బు వద్దనే హక్కు ఎవరికీ లేదు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి 5,000 అంటే ఎంతో తెలిసినవాళ్ళెవరూ దాన్ని ఉచితాలని ఎగతాళి చేయరు. నా అభ్యంతరం ఒక్కటే. మొగుడి యజమాని ఎగ్గొట్టినది లక్షా ముప్పై ఏడు వేలు, ప్రభుత్వం ఇస్తున్నది యాభై వేలు, అందులోనూ ఆవిడే సబ్బు మీద, నూనె మీద కట్టిన పన్ను ఉంది. పైగా నగదు పంచడంలో ఎడమా కుడీ తేడా లేదు. ఒకరు 1,000 అంటే ఇంకొకరు 1,500 అంటారు. సమానత్వం మా ఆశయం అని చెప్పుకునే పార్టీ ఈ వేలంపాటలో దిగితే గెలవదు, గెలిచినా ఆ గెలుపు వచ్చే ఎన్నిక దాకానే.

మరి యజమాని చట్టాన్ని ఎలా తప్పించుకుంటాడు? అంకెలతో. పీఎఫ్‌కి 20 మంది ఉండాలి, ఈఎస్‌ఐకి 10 మంది. కాబట్టి ఒకే షెడ్డుని భార్య పేర, తమ్ముడి పేర, బావమరిది పేర ముక్కలు చేసి, ముక్కకో కరెంటు మీటరు పెట్టిస్తారు. కాయితం మీద ఒక్కో ముక్కలో ఎనిమిది మంది. ఇక చట్టమే తన గీతని పైకి జరిపింది. కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పాత చట్టంలో 10 మంది చాలు, పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన కొత్త కోడ్‌లో 20 కావాలి. పై రాష్ట్రపు వలస కూలీల చట్టం 1979లో వచ్చింది. ఒడిశాలో దాదన్ కూలీల (అడ్వాన్సు ఇచ్చి పై రాష్ట్రాలకి తోలుకెళ్ళే కూలీల) మీద జరిగిన దోపిడీయే దానికి మూలం. అందులో అయిదుగురుంటే చాలు, కొత్త కోడ్‌లో పదిమంది కావాలి. సంఘానికి బేరమాడే హక్కు పూర్తిగా కావాలంటే హాజరు పట్టీలో ఉన్నవాళ్ళలో 51 శాతం కావాలి. పట్టీయే లేనిచోట 51 శాతం దేన్లోంచి తీస్తారు?

ఓటు మాటకొస్తే, 2024 మే 13న బరంపురం లోక్‌సభకి పోలింగ్ జరిగినప్పుడు మగ్గం ఆపి వచ్చినవాడికే ఓటు. రానుపోను టిక్కెట్టు, పోయిన రోజుల కూలి అతనివే. పోనీ అక్కడ ఓటు నమోదు చేసుకున్నా, సూరత్ లోక్‌సభ స్థానానికి ఆ ఏడు పోలింగే జరగలేదు, అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. కూలీల మీద ఆధారపడాల్సిన పార్టీకి ఆ కూలీ ఇక్కడా లెక్కలో లేడు, అక్కడా లేడు.

పన్ను విషయం. చాలామంది రాష్ట్ర పార్టీలని తిడతారు, ధనవంతుల మీద పన్ను వెయ్యరేమని. వాళ్ళ చేతిలో ఉన్నదేమిటి? 2017 జూలై నుంచి అమ్మకం పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. వృత్తి పన్ను ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగమే కట్టేసింది. మిగిలినవాటిలో ముఖ్యమైనవి మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు, భూమి శిస్తు. మద్యం, పెట్రోలు భారం పేదవాడి మీదే ఎక్కువ. ఆస్తి మీద వేసేవి ఢిల్లీ చేతిలో ఉండేవి, ఢిల్లీ వాటిని వదిలేసింది. 1953లో పెట్టిన ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్‌లో పోయింది. మన దేశంలో పార్టీ రిజిస్టరు కావాలంటే సోషలిజానికి కట్టుబడతామని రాసివ్వాలి, ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షను ఉంది. ఈ రెండు పన్నులూ తీసేసిన పార్టీలే ముందో వెనకో ఆ కాయితం మీద సంతకం పెట్టాయి.

ఒడిశాకి మాత్రం ఒక తలుపు తెరుచుకుంది. 2024 జూలై 25న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకి ఉందని తీర్పిచ్చింది. ఇనుము, బాక్సైటు ఉన్న రాష్ట్రానికి ఇంతకంటే పెద్ద సాధనం లేదు. సభల్లో దీని గురించి గంట మాట్లాడే నాయకుడు కావాలి. కాశీపూర్ వైపు బాక్సైటు కోసం ఏం జరిగిందో, 2000 డిసెంబర్ 16న మైకంచ్‌లో కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు ఎలా పోయారో రాయగడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తవ్వేవాడి మీద పన్ను వెయ్యడం సరే, తవ్వాలా వద్దా అనేది కొండమీదివాళ్ళు తేల్చాలి. ఈ రెండో ప్రశ్నకి సోషల్ డెమొక్రాట్ల దగ్గర ఎక్కడా సరైన జవాబు లేదు, వాళ్ళ లెక్కలన్నీ ఉత్పత్తి పెరగడం మీదే ఆధారపడ్డాయి కనుక.

ఇదంతా విని చేతులెత్తేయకండి. షోలాపూర్ వెళ్ళి చూడండి. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్ళలో మన తెలుగు పద్మశాలీలు ఎంతోమంది. ఇంట్లో కూర్చుని చుడతారు, యజమాని కంటికి కనపడడు. అయినా 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళని కూడా కార్మికులే అంది, 1985లో సుప్రీంకోర్టు వాళ్ళకి పీఎఫ్ వర్తిస్తుందని తేల్చింది. కార్డు వచ్చింది. కార్డుతో సంఘం వచ్చింది. సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో కుంభారి దగ్గర వేల ఇళ్ళు లేచాయి. మొదట గోదూతాయి పరులేకర్ పేర పదివేలు, తర్వాత 30,000 ఇళ్ళ రే నగర్. అందులో 15,000 ఇళ్ళ తాళాలు 2024 జనవరిలో ప్రధాని చేతుల మీదుగా అందాయి. పేరుకి కమ్యూనిస్టు పార్టీ, చేసింది అక్షరాలా సోషల్ డెమొక్రాట్ల పని.

కానీ అదే ఆడం మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, 2009 నుంచి ఓడుతూనే ఉన్నాడు. ఇల్లు వచ్చినవాళ్ళు ఓటు వెయ్యరా అని అడుగుతారు. ఇల్లు వచ్చాక మనిషి బీడీ కార్మికుడిగా కాక కులంగా, మతంగా, ఇంటి యజమానిగా ఆలోచించడం మొదలవుతుంది, పిల్లలు ఆ పని వదిలేస్తారు. యూరప్‌లో జరిగిందీ ఇదే. గెలిచిన కొద్దీ తన ఓటరు తరగతి మారిపోవడం ఈ పార్టీలకి తప్పని గండం. బీడీ సెస్సు కూడా 2017లో జీఎస్టీతో పోయింది, దానితో నడిచే స్కాలర్‌షిప్పులకీ డిస్పెన్సరీలకీ సొంత ఆదాయం పోయింది.

భాష సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సూరత్‌లో ఒడియావాళ్ళ మెస్సు వేరు, తెలంగాణ పద్మశాలీల వాడ వేరు, యూపీవాళ్ళది వేరు. బరంపురం తెలుగువాడు రెండు భాషలూ వచ్చి ఇద్దరికీ పరాయివాడుగా మిగులుతున్నాడు. ఇక్కడ మన సంఘాలు తెలుగు బడుల్లో టీచరు పోస్టు కోసం, పుస్తకాల కోసం కొట్లాడతాయి, కొట్లాడాలి కూడా. కూలి మాట మాత్రం ఎత్తవు. నిజానికి ఆ రెండు భాషల నోరే మన ఆస్తి.

కాబట్టి ఏ పార్టీ అయినా, ఏ సంఘమైనా ఈ జిల్లాల్లో మొదలెట్టాల్సింది మేనిఫెస్టోతో కాదు, ఒక బల్లతో. స్వీడన్ సంఘాల కిటికీ అన్నానే, అది. ఠాకురాణి యాత్రకో పెళ్ళికో ఊరొచ్చిన మనిషికి ఆ బల్ల దగ్గర నాలుగు పనులు జరగాలి. ఒకటి, పేరు సరిచెయ్యడం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి కాయితాల్లో చివర పెడతారు. లక్ష్మి అన్న పేరు ఆధార్‌లో ఇంగ్లిషు ఎక్స్ అక్షరంతో, బ్యాంకులో కె, ఎస్, హెచ్ అక్షరాలతో ఉంటుంది. ఈ ఒక్క తేడాకే పీఎఫ్ క్లెయిమ్ వెనక్కి కొడతారు. రెండు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు ఉందో లేదో చూసి, ఉంటే నామినీ పేరు ఎక్కించడం. మూడు, రుజువులు పోగుచెయ్యడం. కూలి ఫోన్‌పేలో తీసుకుంటే ఆ లెక్కే సాక్ష్యం. చేతికిస్తే తేదీ, మీటర్లు, డబ్బు తన పుస్తకంలో రాసుకోవాలి. షెడ్డు గేటు, మీటరు బోర్డు ఫోటో తీసుకోవాలి. నాలుగు, ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళు పది ఊళ్ళ నుంచి వచ్చినా వాళ్ళ పేర్లు ఒకే కాయితం మీదికి తేవడం. మూడు ముక్కలకీ ఒకడే మేస్త్రీ, ఒకేచోట కొన్న నూలు, ఒకే గేటు అని ఇరవై మంది కలిసి రాసిస్తే అది ఒకే సంస్థ అని పీఎఫ్ విచారణలో వాదించొచ్చు. ఒక్కడు రాస్తే పని పోతుంది, ఇరవై మంది రాస్తే మగ్గాలు ఆగుతాయి, ఆ తేడా శేఠ్‌కి బాగా తెలుసు.

ఈ బల్ల ఒకటి బరంపురం స్టేషను బయట ఉండాలి, ఇంకొకటి సూరత్‌లో పవర్‌లూమ్‌ల వాడ వేద్ రోడ్డులో. రెండుచోట్లా ఒడియా, తెలుగు రెండూ వచ్చిన మనిషి కూర్చోవాలి. షిఫ్టు మారే వేళ, పొద్దున్న ఏడింటికీ రాత్రి ఏడింటికీ తెరిచి ఉండాలి.